గుండె వినే గోడ

పొగ రెండు మీటర్ల పది సెంటీమీటర్ల దగ్గర విరగాలి. ఆ మధ్యాహ్నం మీటరున్నర దగ్గరే విరిగింది.

ఆడెపు శకుంతల టేపు పట్టి మళ్ళీ కొలిచింది. మీటరున్నరే. గోడ అడుగున గుచ్చిన అగరుబత్తి పొగ దారంలా లేచి, గోడను ఆనుకుని పైకి పోతోంది. మీటరు దాటాక అందులో అలలు పుడుతున్నాయి. ఒక్కో అల పైకి పోయేకొద్దీ పెరిగి, మీటరున్నర దగ్గర చెదిరి, అక్కణ్ణుంచి పొగంతా కలగాపులగమవుతోంది.

గోడ అంటే అల్యూమినియం రేకు పెట్టె. రెండున్నర మీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు, రెండు వేళ్ళ మందం. లోపల వేడినీళ్ళు. ఎర్రవాగు ఒకటో గని మూతపడ్డాక ఖాళీ అయిన, బొగ్గు తొట్లను లాగే యంత్రం ఉండిన హాలేజీ షెడ్డులో, నేలబండకు నాలుగు బోల్టులతో బిగించి ఉంది. షెడ్డులో గాలి కన్నా అది పదకొండు డిగ్రీలు వేడి. దాన్ని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. కొంత ఎత్తు వరకు బుద్ధిగా పోతుంది, ఆ తర్వాత చెదురుతుంది. ఎక్కడ చెదురుతుంది, ఎందుకు చెదురుతుంది అన్నది తేల్చడమే శకుంతల పని. వరంగల్లో ఒక కాలేజీలో పాఠాలు చెప్తూ, ఆరేళ్ళ సెలవులన్నీ ఈ షెడ్డులోనే ఖర్చు చేసింది.

గడియారం చూస్తూ అలలు లెక్కపెట్టింది. నిమిషానికి అరవై ఆరు. పంపు ఆపింది. తలుపు వేసింది. మళ్ళీ లెక్కపెట్టింది. అరవై అయిదు. ఆమెకు తెలిసిన యంత్రమేదీ అంత నిదానంగా తిరగదు.

"బాపూ, బయట మోటరేమన్న నడుస్తున్నదా?"

జవాబు రాలేదు. గోడకు అవతలివైపు గోనెపట్టా పరుచుకుని ఓదెలు బండ మీద నిద్రపోతున్నాడు. ఓదెలు ఆమె తండ్రి. ఎర్రవాగులో ముప్పై నాలుగేళ్ళు సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. గనిలో కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడును బట్టి దాని కింద మనుషులు పనిచేయవచ్చో లేదో చెప్పేది సర్దారే.

శకుంతల తండ్రి మణికట్టు పట్టుకుని నిమిషం లెక్కపెట్టింది. అరవై అయిదు.

"లెవ్వు బాపూ."

"ఏందే?"

"లేచి గేటు దాక పో."

"అన్నం తిని పండుకున్న మనిషిని గిట్ల ఎల్లగొడ్తరా?" అని గొణుగుతూ పోయాడు ఓదెలు.

అలలు పోయాయి. పొగ నిటారుగా లేచి రెండు మీటర్ల పది దగ్గర విరిగింది.

"రా బాపూ. పండుకో."

"ఇప్పుడే పొమ్మంటివి."

"పండుకోమంటున్న గదా."

ఆరు నిమిషాలు గడిచాక అలలు వచ్చాయి. చీకటి పడేలోపు శకుంతల తండ్రిని తొమ్మిదిసార్లు లేపి తొమ్మిదిసార్లు పడుకోబెట్టింది. నోట్‌బుక్‌లో అంకెలు గీతలు దాటిపోతున్నాయి. పదోసారి ఓదెలు లేవలేదు. "సంగతేందో చెప్తెనే లేస్త" అన్నాడు.

"నీ గుండె కొట్టుకుంటుంటె ఒళ్ళు రవ్వంత ఊగుతది బాపూ. అది బండకు తగుల్తది. బండ నుంచి గోడకు పోతది. మన కంటికి ఆనదు. గోడ పొంట పోయే గాలి మాత్రం దాన్ని పట్టుకుని పెంచుకుంట పోతది. గా పొగల కనబడేది నీ గుండెనే."

ఓదెలు లేచి కూర్చుని పొగను చూశాడు.

"నడుమ ఒకటి ఎడంగ వచ్చింది."

"మొన్న డాక్టర్ గదే చెప్పిండు నీకు. ఒక దెబ్బ తప్పుతున్నదని."

"మరి మందులేసుకుంటున్న గదనే" అన్నాడు ఓదెలు గోడతో.

రెండేళ్ళలో శకుంతల ఇంకొన్ని సంగతులు తేల్చింది. గోడ అన్ని లయలనూ వినదు. గాలి కన్నా పదకొండు డిగ్రీలు వేడిగా ఉంటే నిమిషానికి యాభై అయిదు నుంచి ఎనభై వరకు కొట్టుకునే గుండెను పట్టుకుంటుంది. వేడి పెంచితే వేగంగా కొట్టుకునేదాన్ని, తగ్గించితే నిదానంగా కొట్టుకునేదాన్ని. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళ గుండె కూడా బండలోంచి వచ్చి కలిసిపోతుంది. అందుకని ఓదెలు పాత కన్వేయర్ బెల్టు ముక్కకు తాళ్ళు కట్టి, షెడ్డు దూలానికి ఉయ్యాల వేశాడు. అందులో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటే చూసే మనిషి గుండె బండకు చేరదు.

ఆ ఉయ్యాల రజిత ఎగతాళికి దొరికింది. రజిత శకుంతల చెల్లెలు, ఎర్రవాగు రెండో గనిలో సర్దార్. ఆ గనిలో కర్ర పట్టిన మొదటి ఆడమనిషి.

"నేను పొద్దుగాల అయిదింటికి లేచి గని దిగుత," అంది ఒక ఆదివారం, పళ్ళెంలో కూర వేసుకుంటూ. "మా అక్క పది గంటలకు లేచి ఉయ్యాల ఊగుతది. దాన్నేమో డాక్టరమ్మ అంటరు."

"నీ కర్ర బండ సంగతి చెప్తది. బండ అవతల మనిషి సంగతి చెప్తదా?"

"బండ సంగతి నేను మంచిగ చెప్తె, మనిషి బండ అవతల ఎందుకుంటడు?"

"అదీ మాటంటె," అన్నాడు ఓదెలు. ఇద్దరిలో ఎవరిని మెచ్చుకున్నాడో చెప్పలేదు.

రెండో గని మేనేజర్ ప్రభంజన్ గుంటూరు వైపు మనిషి. గోడను చూడటానికి వచ్చాడు. నలభై మీటర్ల అవతల, పాత గని సొరంగంలో పడుకున్న రజిత గుండెను పొగలో చూసి, జేబులోంచి చెయ్యి తీశాడు.

"బాగుందమ్మా. చిక్కేమిటి మరి?"

"గాలి అసలు కదలకూడదు సార్. గనిలో ఫ్యాన్ ఆపాలి."

"ఫ్యాన్ ఆపడమంటే ఏమిటో తెలుసా మీకు? గ్యాస్ చేరుతుంది. ఒకటింబావు శాతం దాటితే నేను అందర్నీ పైకి పంపాలి."

"పన్నెండు నిమిషాలు చాలు. గాలి కుదురుకోవడానికి ఎనిమిది, చూడటానికి నాలుగు."

"ఆ పన్నెండు నిమిషాలూ బండ అవతలున్నవాడు ఏం పీల్చుకుంటాడు?"

అలా అడిగినా, గోడ కావాలని పై ఆఫీసుకు ప్రభంజనే నోటు రాయించాడు. మూడు ముక్కలుగా విడదీసి మోసుకుపోయే గోడ ఒకటి తయారైంది. దాన్ని రెస్క్యూ గదిలో పెట్టారు. వచ్చే నెలలో గనిలో పరీక్ష అన్నారు.

ఆ నెల రాకముందే, బుధవారం పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు రెండో గనిలో పైకప్పు కూలింది.

శకుంతల షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చేసరికి గని ముందు అంబులెన్స్ నిలబడి ఉంది. రెస్క్యూ కెప్టెన్ బానోత్ హరిలాల్ సంగతి నాలుగు మాటల్లో చెప్పాడు. పదకొండో లెవెల్, పన్నెండో లెవెల్ అని పక్కపక్కన రెండు సొరంగాలు. రెండూ కూలాయి. కూలీలంతా బయటపడ్డారు. వాళ్ళను పంపించి వెనక ఆగినవాళ్ళు ఇద్దరు. ఒకరు పైకప్పుకు ఆసరాగా దిమ్మెలు నిలబెట్టే దొమ్మటి ఐలయ్య. ఇంకొకరు సర్దార్.

"ఏ సర్దార్?" అంది శకుంతల, తెలిసే.

"రజిత, మేడం."

రూలు ప్రకారం సర్దార్ అందరికన్నా వెనక రావాలి. సర్దార్, దిమ్మెల మనిషి విడిపోకూడదు. అందుచేత ఇద్దరూ ఒకేచోట ఉన్నారు. పదకొండులోనా పన్నెండులోనా అన్నదే తెలియాలి. పదకొండులో పడిన బండ నాలుగు మీటర్లు. పన్నెండులో తొమ్మిది. రెండు చోట్లా ఒకేసారి తవ్వడానికి మనుషులు లేరు, పైకప్పు కూడా ఒప్పదు.

"ఏ దిక్కూ తెలియకపోతే పదకొండు తవ్విస్తాను. మూడు గంటల్లో అవతలికి పోతాం," అన్నాడు ప్రభంజన్. "మీ గోడ ఏమన్నా చెప్పగలదా?"

"చెప్తది," అంది శకుంతల.

స్నానాల గది గీజర్ నుంచి నీళ్ళు పట్టారు. గోడ ముక్కలు, నీళ్ళ డబ్బాలు, ఉయ్యాల, మనుషుల్ని గనిలోకి దించే మ్యాన్‌రైడింగ్ కుర్చీల మీద కిందికి దిగాయి. ఒంటిగంటా పదికి పదకొండో లెవెల్ బండ ముందు గోడ నిలబడింది. పైకప్పు బోల్టుకు ఉయ్యాల కట్టారు. గనిలో అగరుబత్తి కాదు కదా, అగ్గిపుల్ల కూడా తేకూడదు. బొగ్గుధూళి అంటుకోకుండా గనిలో చల్లే సున్నపురాతి పొడి బస్తాలు గోడవారన ఉన్నాయి. శకుంతల గుప్పెడు పొడిని సన్నని జల్లెడలో పోసి గోడ అడుగున వేలాడదీసింది. టోపీకుండే క్యాప్‌ల్యాంపు వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, రెస్క్యూ వాళ్ళ కెమెరా మెడలో వేసుకుంది. వేలితో తట్టగానే తెల్లని పొడి గీత గోడ వెంట లేచింది.

"ఫ్యాన్ ఆపించండి."

హరిలాల్ ఫోనులో చెప్పాడు. నిమిషంలో చెవుల్లో హోరు ఆగిపోయింది. గనిలో ముప్పై ఏళ్ళుగా ఉన్న హోరు. రెస్క్యూ మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గ్యాస్ మీటరు సున్నా పాయింటు మూడు చూపించింది.

ఎనిమిదో నిమిషంలో గీత నిటారుగా నిలిచింది. తొమ్మిదో నిమిషంలో అలలు వచ్చాయి.

శకుంతల ఉయ్యాల తాళ్ళు గట్టిగా పట్టుకుంది. అరనిమిషం లెక్కపెట్టింది. ముప్పై ఆరు. "ఉన్నది," అంది. మళ్ళీ అంది. "డెబ్బై రెండు. ఉన్నది."

వెనక ఎవరో చప్పట్లు కొట్టబోతే ఇంకెవరో చెయ్యి పట్టుకున్నారు. హరిలాల్ ముందుకు వంగాడు. అలలు మాయమయ్యాయి. అతను తిరిగి పక్క దిమ్మెకు ఆనుకున్నాడు. అలలు వచ్చాయి.

శకుంతల ఆ దిమ్మెను చూసింది. దాని మొదలు గోడకు రెండడుగుల దూరంలో బండలో దిగి ఉంది.

"హరిలాలన్నా, దిమ్మె ఇడువు."

అతను వదిలాడు. గీత నిటారుగా నిలిచింది, అలా నిలిచే ఉంది.

"నాదేనా మేడం?"

"నీదే."

"మంచిగనే కొట్టుకుంటున్నది" అన్నాడు హరిలాల్. అందరినీ రెండు వందల మీటర్లు వెనక్కి పంపి, మిగిలిన రెండు నిమిషాలు చూసింది శకుంతల. ఏమీ రాలేదు.

ఫ్యాన్ అరగంట నడిచి గ్యాస్‌ను ఊడ్చేదాకా ఆగి, గోడను పన్నెండో లెవెల్‌కు మార్చారు. రెండోసారి ఫ్యాన్ ఆగింది. పన్నెండు నిమిషాలు. ఏమీ రాలేదు.

ప్రభంజన్ కిందికి దిగాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "శకుంతలగారూ, రెండు చోట్లా లేదంటే అర్థం ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. పదకొండు తవ్వుతాం. దేహాలైనా త్వరగా దొరుకుతాయి."

శకుంతల ఉయ్యాలలోనే ఉంది. రెండేళ్ళుగా ఆమె గోడకు చూపించిన గుండెలు ఎవరివి? మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న ఓదెలుది. పరీక్ష కోసం పడుకుని జోకులు వేసిన రజితది. బండ కింద పడిన మనిషి గుండె అలా కొట్టుకుంటుందా? గోడ వినలేకపోవడం కాదు, తనే తప్పు గుండెను వెతకమంది.

దిగి నిలబడింది. "సార్, చాయ్ క్యాంటీన్ల మరిగిన నీళ్ళు ఎన్నున్నయ్?"

"ఏమిటి?"

"మనం నిద్రపోయేటోళ్ళ కోసం వెతికినం సార్. ఆమె భయపడ్డది. భయపడ్డ గుండె నూరు దాటి కొట్టుకుంటది. గోడను గాలి కన్న ఇరవై ఒక్క డిగ్రీలు ఎక్కువకు లేపాలె. ఒక్కసారి ఫ్యాన్ ఆపించండి. ఒక్కసారే."

ప్రభంజన్ గడియారం చూశాడు. "అరగంటలో నీళ్ళు రావాలి" అన్నాడు.

నీళ్ళు ఇరవై రెండు నిమిషాల్లో వచ్చాయి. చాయ్ డేగిశాల్లోంచి నాలుగు డబ్బాలు పట్టి, గోనెలు చుట్టి పంపారు. ఒక డబ్బాలో చాయ్‌పత్తి తేలుతోంది. పన్నెండో లెవెల్లోనే ఉన్న గోడలో సగం నీళ్ళు వదిలి ఇవి పోశారు. యాభై రెండు. యాభై మూడు. గనిలో గాలి ముప్పై రెండు.

మూడోసారి ఫ్యాన్ ఆగింది. గీత ఈసారి త్వరగా లేచింది, త్వరగా విరిగింది. ఎనిమిదో నిమిషం దాటింది. తొమ్మిది. గ్యాస్ సున్నా పాయింటు ఎనిమిది. పదో నిమిషంలో గీత మధ్యలో పంటి గాటు అంత అల ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత వరసగా, దగ్గర దగ్గరగా, కుట్టుమిషన్ కుట్టులా.

శకుంతల లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. పావునిమిషానికి ముప్పై ఒకటి. ఇంకో పావుకు ముప్పై ఒకటి. ఈ గుండె ఇవతలివాళ్ళెవరిదీ కాదు. దగ్గరలో ఎవరూ లేరు. తను గాలిలో ఉంది.

ఫోను అందుకుని, "నూట ఇరవై నాలుగు," అంది. "పన్నెండో లెవెల్. బతికున్నది. హరిలాలన్నా, బతికున్నది."

రెండు వందల మీటర్ల అవతల నుంచి కేకలు సొరంగమంతా వచ్చాయి. గీత చెదిరిపోయింది. శకుంతల ఉయ్యాలలో ఏడుస్తూ నవ్వుతోంది.

హరిలాల్ పరుగెత్తుకొచ్చి పొడిని చూశాడు. అతను ఇరవై ఏళ్ళ రెస్క్యూ మనిషి.

"మేడం, ఇద్దరుండాలె గదా. ఒక్కటే కనబడ్డదా?"

"ఇంకొకరి గుండె వేరే లయల ఉండొచ్చు. ఈ వేడికి అది దొరకదు."

"ఇంకోపారి చూద్దామా? పదకొండుల గూడ?"

గ్యాస్ సున్నా పాయింటు తొమ్మిది. ఇంకోసారి అంటే ఫ్యాన్ అరగంట నడవాలి, ఆ అరగంటా తవ్వకూడదు, ఆ తర్వాత మళ్ళీ పన్నెండు నిమిషాలు ఆపాలి. ఫ్యాన్ నడిస్తేనే బండల సందుల్లోంచి ఇంత గాలి అవతలికి పోతుంది. అవతల నూట ఇరవై నాలుగుసార్లు కొట్టుకుంటున్న గుండెకు ఆ గాలి కావాలి.

"ఇద్దరు ఒక్కతాననే ఉంటరు గదన్నా," అంది శకుంతల. "రూలు గదే. ఫ్యాన్ ఏసి తవ్వుండ్రి."

తవ్వారు. చెమ్మస్ పారతో ఒక్కో పారెడు బండముక్కలు తీయడం, దిమ్మె నిలబెట్టడం, పైకప్పు తట్టడం, ఇంకో చెమ్మస్. అయిదు గంటల నలభై నిమిషాలు పట్టింది. చివరి గజం దగ్గర అవతలి నుంచి, "మెల్లగ తియ్యుండ్రి, నా కాలు మీద ఒకటున్నది" అన్న మాట వినపడింది. హరిలాల్ బోర్లా పడుకుని దూరాడు. రజిత కాలు విరిగింది. మొహమంతా బొగ్గు. ఒంటరిగా ఉంది.

"ఐలన్న ఏడి?" అని అడిగాడు హరిలాల్.

"బయటికి రాలేదా?" అంది రజిత. "బండ ఇరుగుతున్న చప్పుడు విన్న. పదకొండుల నుంచి ఉరుకు అని నేనే పంపిన గదా."

ఐలయ్యను మరునాడు పొద్దున బయటికి తెచ్చారు. పదకొండో లెవెల్లో, నాలుగు మీటర్ల బండ అవతల, తలకు దెబ్బ తగిలి పడి ఉన్నాడు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ప్రభంజన్ గదిలో తలుపు వేసి చెప్పాడు. తల లోపల రక్తం గడ్డకట్టి, గుండె నెమ్మదిస్తూ పోయి ఉంటుంది. నలభై నాలుగు, నలభై. బుధవారం సాయంత్రం ఆరు దాకా ఊపిరి ఉండి ఉండాలి.

ఆ గదిలో శకుంతల కూడా ఉంది.

"ఇంటివాళ్ళకు అప్పటికప్పుడే పోయాడని చెప్పాను," అన్నాడు డాక్టర్. "అదే మంచిది."

ప్రభంజన్ కిటికీలోంచి చూస్తూ, "మంచిదే" అన్నాడు.

పదకొండో రోజు కర్మ అయ్యాక శకుంతల ఐలయ్య క్వార్టరుకు పోయింది. ఐలయ్య భార్య కనకవ్వ గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. శకుంతల ఎదురుగా కింద కూర్చుంది. కొంతసేపు రజిత కాలి గురించి అడిగింది కనకవ్వ. ఎన్నాళ్ళకు నడుస్తదన్నరు అని, ప్లేట్లు ఏసిండ్రా అని. తర్వాత గోడ మాట ఎత్తింది.

"నీ గోడ లేకుంటె పదకొండే ముందుగాల తవ్వేటోళ్ళట గదా."

"అవును వదినా."

"వేడి పెంచి చూసినవట. రజిత దొరికిందట."

"అవును."

"తగ్గించి చూసినవా?"

అప్పటికప్పుడే పోయాడన్న మాట ఆ ఇంట్లో పదకొండు రోజులుగా ఉంది. శకుంతల దాన్ని కాదనకుండా ఊరుకుంటే చాలు.

"చూడలేదు వదినా."

"సల్లగ పెడితె కనబడేటోడా?"

"కనబడేటోడు. సాయంత్రం దాక ఉన్నడు."

కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"సల్లబెట్టనీకి ఏం కావాలె?"

"రెండు డబ్బాల సన్నీళ్ళు. పన్నెండు నిమిషాలు."

"గంతేనా?"

"గంతే."

కనకవ్వ కొంగు తీసింది. "సచ్చెటోడు సచ్చిండని అందరు నన్ను పసిపిల్లను జేసి చెప్తున్నరు. రేపు ఎంక్వైరీ ఉన్నదట గదా. గిప్పుడు నాకు చెప్పిన మాటే ఆడ చెప్పు."

శకుంతల ఇంటికి వచ్చేసరికి రజిత మంచం మీద కట్టు కాలు చాపుకుని ఉంది. ఓదెలు పక్కన ఉన్నాడు. శకుంతల జరిగింది చెప్పింది. రేపు ఆ మాట చెప్తే ఐలయ్యను ఒంటరిగా పంపింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. గోడను మూల పడేయవచ్చు. రజిత కర్ర పోవచ్చు.

రజిత పైకప్పు చూస్తూ, "ఆయన పోనన్నడు," అంది. "పిల్లను ఒక్కదాన్ని ఇడిసి ఎట్ల పోవాలె అన్నడు. నేనే సర్దార్‌ని, చెప్తున్న పో అన్న."

"అది నువ్వు చెప్పుకో," అన్నాడు ఓదెలు. "అక్క తనది తను చెప్తది. బండ తట్టి ఒక చప్పుడు ఇని, పైకొచ్చి ఇంకొకటి చెప్తె సర్దార్ అనరు."

విచారణ గని ఆఫీసు హాలులో జరిగింది. ఇద్దరు అధికారులు, ఒక టైపిస్టు. వెనక బెంచీ మీద కనకవ్వ, ఆమె అన్న. రజితను కుర్చీలో తెచ్చారు. ఎవరూ అడగకముందే, ఐలయ్యను పంపింది తనేనని చెప్పింది. టైపిస్టు రాసుకున్నాడు.

తర్వాత శకుంతల. ఎన్నిసార్లు ఫ్యాన్ ఆపించింది, ఏ చోట ఏ వేడి పెట్టింది, ఏం కనపడింది వరసగా చెప్పింది. రెండోచోట వేడి పెంచి చూశానని, ఏ చోటా తగ్గించి చూడలేదని చెప్పింది. ఇంకోసారి చూద్దామా అని హరిలాల్ అడిగితే వద్దన్నది తనేనని చెప్పింది.

పెద్ద అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎందుకు వద్దన్నారు?"

"అవతల మా చెల్లెలుంది సార్. దొరికాక ఇంకొకరిని వెతకాలని నాకు అనిపించలేదు. రూలు అడ్డం పెట్టుకున్నాను."

హాలులో ఫ్యాను తిరుగుతోంది. ప్రభంజన్ బల్ల చూస్తున్నాడు. పెద్ద అధికారి పక్కాయనతో ఏదో మాట్లాడి, ముందున్న కాగితాల్లోంచి ఒకటి బయటికి తీశాడు. ఆ మూడోసారి పొడి గీతకు శకుంతల ఉయ్యాలలోంచి తీసిన ఫొటో అది. అలలు వరసగా ఉన్నాయి. దాన్ని ఆయన పక్కాయన ముందు పెట్టాడు.

"ఇది వాడకుండా ఉండలేం," అన్నాడు. "ఎలా వాడాలో రాయాలి. ఇకముందు ఏ గనిలోనైనా ఈ గోడ నిలబెడితే, ఏ వేడితో మొదలుపెట్టమంటారు?"

శకుంతల వెనక్కి తిరగలేదు.

"చల్లగా మొదలుపెట్టాలి సార్," అంది. "నెమ్మదిగా కొట్టుకునే గుండెకు టైము తక్కువ."